డాల్ఫిన్‌కి బ్రేకులు పడ్డాయి

"చచ్చినవాడి కోసం ఏడవట్లేదు. కారు కోసం ఏడుస్తున్నాడు. ఇంతకన్నా రుజువేం కావాలి నీకు?" అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గణపతిరావు.

ఆదివారం ఉదయం తొమ్మిదీ పది. ఘాటు రోడ్డు మీది ఆ చిన్న పోలీస్ స్టేషన్లో కుర్చీలు రెండే. ఒకదాంట్లో ఆయన, రెండోదాంట్లో ఆయన టోపీ. గాయత్రి నిలబడే మాట్లాడింది.

"అరెస్టు చూపించారా?"

"ఇంకా లేదు. నాలుగింటికి చూపిస్తాను. ఐదింటికి మెజిస్ట్రేటు గారింట్లో హాజరు. ఆరింటికి సబ్‌జైలు. నీకు పది నిమిషాలిస్తున్నాను. అదీ పాత పరిచయం కొద్దీ. తలుపు తీసే ఉంటుంది."

పాత పరిచయం అంటే, ఏడేళ్ళ క్రితం గాయత్రి ఇదే ఏజెన్సీ ప్రాంతంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. లోయలో పడ్డ ఒక బస్సుకి బ్రేకులు లేవని ఆవిడ రాసింది. డ్రైవరు తాగి ఉన్నాడని గణపతిరావు రాశాడు. ఆయన కాగితం నిలబడింది, ఆవిడ ఉద్యోగం నిలబడలేదు. ఇప్పుడామెకి విశాఖపట్నంలో ఒక గది ఆఫీసు, బయట 'డిటెక్టివ్' అని రాసిన బోర్డు ఉన్నాయి. చేతిలో అధికారం మాత్రం ఇసుమంతైనా లేదు.

నిన్న రాత్రి ఫోన్ చేసింది స్టేషన్లో పెట్టిన మెకానిక్ ఫల్గుణ భార్య రత్న. "అమ్మా, మా బండికి ఫిట్‌నెస్ పాసు రాసిచ్చింది మీరే కదా. మాకింకెవరూ తెల్దు," అంది. అంతే. గాయత్రి తెల్లవారుజామునే బయల్దేరి కొండెక్కింది.

లోపలి గదిలో వంతల ఫల్గుణ గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి. గోళ్ళ సందుల్లో గ్రీజు, ఎడమ చెంప మీద వాపు. ఆమెని చూడగానే లేచాడు.

"మేడమ్, ఇంజను పగిలిందా?"

గుమ్మంలో గణపతిరావు నవ్విన చప్పుడు వినబడింది. గాయత్రికి ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

"అది తరవాత. శనివారం పొద్దున్న ఏం జరిగింది? టైములతో చెప్పు."

"ఐదున్నరకి కామేష్ బాబు నా షెడ్డుకొచ్చేసేడు. విశాఖలో హోటళ్ళున్నాయి ఆయనకి, మీకు తెలుసు కదా, పాత ర్యాలీ బళ్ళంటే పిచ్చి. టీ తాగేం. బండిని ఇద్దరం కలిసి తోసి బయటపెట్టేం. ఆరున్నర దాటేక, ఒక్కడూ తోల్తానన్నాడు. తాళం ఇచ్చేను. ఘాటు దిగువ దాకా ఎల్లి వచ్చేత్తాను అన్నాడు."

"ఆరున్నర దాటి ఎంత?"

"ఆరూ ముప్పై ఐదు. ఇంజను యేడెక్కడానికి నేను టైము సూత్తాను, అందుకు తెలుసు."

"తరవాత నువ్వెక్కడున్నావు?"

"షెడ్డులోనే. ఏడూ పావుకి రత్న పరిగెత్తుకొచ్చింది, పన్నెండో మలుపు కాడ బండి పడిపోయిందని రోడ్డుమీదోళ్ళు అంటన్నారని. సైకిలు మోటారేసుకొని ఏడున్నరకి అక్కడికెల్లేను. మరి పదినిమిషాలకి పోలీసులొచ్చేరు. అప్పటికే బాబు..." ఫల్గుణ ఆగాడు. "సీటులోనే ఉన్నాడు మేడమ్. రెండు సేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి."

కామేష్ చేతి గడియారం నేటి కాలపుది. మనిషి పడితే దానంతటదే ఇంటికి కబురు పంపుతుంది. అతని అక్క సౌందర్య ఫోనుకి ఆ కబురు వచ్చింది ఆరూ యాభై రెండుకి. అంటే కారు పడ్డాక ఫల్గుణ వచ్చేదాకా ముప్పై ఎనిమిది నిమిషాలు ఆ లోయలో ఎవరూ లేరు. లేరని అందరూ అంటున్నారు.

"బ్రేకు గొట్టం రంపంతో కోసి ఉందట. ఆ రంపం బ్లేడు నీ షెడ్డులో దొరికింది. నీ వేలిముద్రలున్నాయి."

"నా రంపం మీద నా ఏళ్ళు కాక ఎవరివుంటాయి మేడమ్?"

"బండి నీది కాదుగా. కాఫీ తోటల మేనేజరు గారి కూతురు నీకు చెప్పకుండా కామేష్‌కి అమ్మేసింది. నీకు కోపం రాలేదా?"

ఫల్గుణ గోళ్ళ సందుల్లో గ్రీజు గీక్కున్నాడు.

ఆ మేనేజరు ఎనభయ్యో దశకంలో ఆ డాల్ఫిన్ కారు కొన్నాడు. బెంగుళూరులో తయారైన చిన్న కారు. ఇనప చట్రం మీద నీలం రంగు ఫైబరు ఒళ్ళు, ఎనిమిది వందల నలభై ఎనిమిది సీసీ ఇంజను. దక్షిణాదిలో ర్యాలీలు జోరుగా జరిగిన రోజుల్లో దాన్ని చూసి కుర్రాళ్ళు ఈలలు వేసేవారు. తరవాత కొత్త కార్లొచ్చాయి, జనం దాని పేరు కూడా మరిచిపోయారు. మేనేజరు పోయాక అది గోనెసంచుల కింద పడి ఉంటే, కోళ్ళు గుడ్లు పెడుతుంటే, ఫల్గుణ అడిగి తెచ్చుకున్నాడు. ఇరవై రెండేళ్ళు సాకాడు. దానికి విడిభాగాలు ఎక్కడా దొరకవు. ప్రతి శనివారం కొండ దిగి ఎస్.కోటలో లేతు మిషను దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ చెక్కించుకొచ్చేవాడు.

"కోపం వచ్చింది," అన్నాడు ఫల్గుణ. "శుక్రవారం సాయంత్రం దాకా ఉంది. ఆయనొచ్చి బోనెట్టు ఎత్తేడు. అర్ధగంట ఇంజన్లోకే సూసేడు. ఆనక నా సేతులట్టుకున్నాడు. 'ఫల్గుణా, కాగితం నా పేరనుంటాది, బండి నీ దగ్గరే ఉంటాది. వచ్చే ఏడు పాత బళ్ళ ర్యాలీకి నువ్వు తోలు, నేను పక్కన దారి మేపు పట్టుకొని కూకుంటాను' అన్నాడు. ఇంకేటి కావాలి మేడమ్ నాకు? ప్లాస్టిక్ డబ్బా అని నవ్వినోళ్ళే అందరూ. దాన్ని మనిషిలాగ సూసినోడు ఆయనొక్కడే వచ్చేడు. ఆయన్ని నేను సంపుతానా? ఆ బండిని నేను తోసేత్తానా?"

"ఆ మాట ఎవరైనా విన్నారా?"

"మేమిద్దరమే ఉన్నాం."

"నీకు పడనివాళ్ళెవరైనా ఉన్నారా ఫల్గుణా?"

అతను నోరు తెరిచాడు. గుమ్మంలో ఉన్న గణపతిరావుని చూశాడు. నోరు మూసుకున్నాడు.

"టైమైపోయింది," అన్నాడు గణపతిరావు.

*

పదిన్నరకి గాయత్రి పన్నెండో మలుపు దగ్గర తన తెల్లకారు ఆపింది.

మొదట చేసిన పని, దారి పొడుగునా లెక్కపెట్టుకుంటూ వచ్చిన మలుపుల సంఖ్య నోట్‌బుక్కులో రాసుకోవడం. ఫల్గుణ షెడ్డు నుంచి ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. అంతా దిగుడే. పదకొండు మలుపులు. బ్రేకు ఆయిలు బయల్దేరే మాస్టర్ సిలిండరు దగ్గర గొట్టం కోసిన కారు మొదటి మలుపైనా దాటదు. రెండోసారి తొక్కేసరికే పెడలు నేలకంటుతుంది. అలాంటిది పదకొండు మలుపులు దాటి పన్నెండో దాంట్లో పడింది!

రెండోది, రోడ్డు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. తారు మీద రెండు నల్లటి చారలు. మలుపుకి ఇరవై గజాల ముందు మొదలై, తిన్నగా కొంత దూరం వచ్చి, ఉన్నట్టుండి ఎడమకి విరిగి, అంచుదాకా వెళ్ళి ఆగిపోయాయి. చక్రాలు బిగుసుకుపోయి ఈడ్చుకుపోతేనే అలాంటి చారలు పడతాయి. బ్రేకులు లేని కారుకి చక్రాలు బిగుసుకోవు.

కానీ ఈ చారలు ఆ కారువేనా? టేపు తీసి రెండు చారల మధ్య కొలిచింది. నాలుగడుగుల ఒక అంగుళం. మళ్ళీ కొలిచింది. అంతే. ఈ దారిలో తిరిగే జీపులకీ బొలెరోలకీ ఇంతకన్నా ఏడెనిమిది అంగుళాలు ఎక్కువుంటుంది. అంత ఇరుకు కారు ఈ కొండల్లో ఒక్కటే ఉండేది.

గాయత్రి లేచి, పడ్డ చోటు వదిలేసి, రోడ్డు ఎగువకి నడిచింది. చారలు మొదలైన చోటికి నాలుగడుగుల ఎగువన గడ్డిలో ఏదో నీలంగా మెరిసింది. గోరంత ముక్క. విరిగిన అంచున తెల్లటి నారపోగులు. పక్కనే ఇంకోటి. వెతికితే తొమ్మిది దొరికాయి.

ఇనప ఒళ్ళున్న కారుని గుద్దితే సొట్ట పడుతుంది. ఫైబరుకి సొట్ట పడదు, పగులుతుంది. పగిలిన ముక్కలు గుద్దిన చోటే రాలతాయి. కారు పడింది కింద. ముక్కలు రాలింది పైన.

నిన్న పొద్దుటి పొగమంచులో ఎవరో వెనక నుంచి వచ్చారు. గుద్దారు. కామేష్ బ్రేకు మీద నిలబడ్డాడు. ఆ చిన్న కారు నిలదొక్కుకుంది కూడా, ఈ తిన్నటి చారలు దాని సాక్ష్యమే. అప్పుడు రెండోసారి, పక్కగా నెట్టారు.

పదకొండింటికి తాడు పట్టుకుని లోయలోకి దిగింది. అరవై అడుగుల కింద డాల్ఫిన్ ముక్కు రాతిలోకి దిగబడి ఉంది. ముందు భాగం పెంకులు పెంకులుగా ఊడింది. చట్రం మాత్రం వంగలేదు. వెనక బంపరు కుడివైపు చీలిపోయి ఉంది, ఆ దెబ్బ రాయి తగిలిన దెబ్బ కాదు, అడ్డంగా, ఒకే ఎత్తులో ఉంది.

బోనెట్టు కింద టార్చి వేసింది. కోసిన గొట్టం. సరిగ్గా దాని కింద, రాతి పళ్ళెంలాంటి గుంటలో, బ్రేకు ఆయిలు చిన్న మడుగులా నిలిచి ఉంది. ఆకులు పడి, ఎవరూ ముట్టుకోకుండా. కారు పడకముందే గొట్టం కోసి ఉంటే ఆయిలు షెడ్డులో కారాలి, దారంతా చిమ్మాలి. ఇక్కడ, కారు కదలకుండా ఉన్నాకే కారింది.

ఎవరో ఈ లోయలోకి దిగారు. చచ్చిన మనిషి పక్కన నిలబడి, తీరిగ్గా గొట్టం కోశారు.

ఫోనులో ఫోటోలు తీస్తుండగా పైన ఏదో గర్జించింది. ఇంజను చప్పుడు. బరువైనది, నింపాదిగా కదిలేది.

గాయత్రి పైకి పాకింది. రెండుసార్లు జారింది. అంచు పట్టుకుని తల ఎత్తేసరికి ఎదురుగా తారు డబ్బాలు, పొగ కక్కే పొయ్యి, పసుపుపచ్చ రోలరు. పదిమంది కూలీలు. మలుపుకి ఎగువ వంద గజాల మేర అప్పుడే కొత్త తారు నిగనిగలాడుతోంది.

"ఆపండి!"

తలకి తువ్వాలు చుట్టుకున్న మేస్త్రీ అప్పలస్వామి పరిగెత్తుకొచ్చాడు. "ఏటమ్మా? దెబ్బలేటైనా తగిలాయేటి?"

"ఈ ఇరవై గజాలు వదిలెయ్యండి. ఒక్క రోజు. ఇక్కడ హత్య జరిగింది. ఆ చారలు సాక్ష్యం."

"నాకేటి తెల్దమ్మా. ఎల్లుండి మంత్రిగారు వత్తన్నారంట. ఇయ్యాల సాయంత్రానికి ఈ మలుపు బేగి ముగించమని పొద్దున్నే ఫోనొచ్చింది. మొన్నటి దాకా ఈ మలుపు లిస్టులోనే లేదు."

"ఎవరు ఫోన్ చేశారు?"

"మా ఇంజనీరుబాబు. ఆయనకెవరు సేసేరో నాకేటి తెలుత్తాది?"

ఆమె రోలరు ముందు నిలబడింది. అప్పుడే జీపు వచ్చి ఆగింది. గణపతిరావు దిగి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ చారల మీదనే నడుచుకుంటూ వచ్చాడు.

"ప్రభుత్వ పనికి అడ్డు పడుతున్నావు గాయత్రీ."

"మీరు సాక్ష్యం మీద నిలబడ్డారు గణపతిరావు గారూ. కాళ్ళు తియ్యండి. ఇవి డాల్ఫిన్ చారలు. నాలుగడుగుల ఒక అంగుళం. మీరే కొలవండి. బ్రేకులు పడ్డాయి!"

"ఎవడో బండి వాడు ఎప్పుడో బ్రేకేశాడు."

"పదకొండు మలుపులు బ్రేకుల్లేకుండా ఎలా దాటింది?"

"బొట్లు బొట్లుగా కారింది. ఇక్కడికొచ్చాక అయిపోయింది."

"అయితే కింద మడుగు కట్టిన ఆయిలు ఎక్కడిది?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఆమె ముక్కలున్న కవరు చూపించింది. "ఇవి పైన దొరికాయి. వెనక నుంచి గుద్దారు."

"కవరు మీద ఎవరి సంతకముంది?"

"నాది."

"నువ్వెవరు?" గణపతిరావు గొంతు పెంచలేదు. "పంచనామా లేదు. మధ్యవర్తులు లేరు. దార్లో ఏరుకున్న ప్లాస్టిక్ ముక్కలు. ఫోనులో బొమ్మలు. కోర్టులో వకీలు ఒక్క ప్రశ్న అడుగుతాడు, ఉద్యోగం ఊడిన కోపంతో ఇవన్నీ నువ్వే పేర్చావని. ఏం చెబుతావు?"

గాయత్రి అప్పలస్వామి వైపు తిరిగింది. "బాబూ, నేను కొలిచి చూపిస్తాను. చూశానని సంతకం పెట్టు. నువ్వొక్కడివీ, ఇంకొకరూ. అంతే."

అప్పలస్వామి సీఐని చూశాడు. తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "పిల్లలు గలోణ్ణమ్మా," అన్నాడు.

కూలీల్లో ఒక్కరూ తలెత్తలేదు. ఒక ముసలామె మాత్రం నెత్తి మీది కంకర గమేళా దించి గాయత్రినే చూస్తూ నిలబడింది. ఆమెకి సంతకం రాదు. వేలిముద్ర వెయ్యబోతుందేమోనని గాయత్రి ఒక్క క్షణం ఆశపడింది. పక్కనున్న మనిషి ఆమె చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

పంచాయతీ ఆఫీసుకి ఫోన్ చేసింది. ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. వీఆర్వో ఎత్తాడు, విషయం వినగానే జ్వరమన్నాడు. జిల్లా ఆఫీసులో తనతో పనిచేసిన పాత మిత్రుడు విన్నాడు, అంతా విన్నాడు. "ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు గాయత్రీ?" అన్నాడు చివరికి. ఆమె ఫోన్ పెట్టేసింది.

పన్నెండూ ఇరవైకి ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు ఆమె భుజాలు పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. మర్యాదగానే తీసుకెళ్ళారు. వేడి తారు పడింది. రోలరు ఒకసారి వెళ్ళింది, ఒకసారి వచ్చింది. నాలుగడుగుల ఒక అంగుళం మీదుగా. అంతా అయ్యేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. ఆమె గడియారం చూసింది కాబట్టి తెలుసు, ఇంకేం చెయ్యడానికీ లేక చూసింది.

గణపతిరావు జీపెక్కుతూ ఆగాడు. ఆయన మొహంలో గెలిచిన కళ లేదు.

"ఈ కొండల్లో ఎవరి మాట చెల్లుతుందో ఏడేళ్ళలో మరిచిపోయినట్టున్నావు," అన్నాడు. "నేను మరిచిపోవడానికి వీల్లేదు. ఇక్కడే ఉండాలి నేను."

*

మధ్యాహ్నం రెండూ నలభైకి గాయత్రి మళ్ళీ స్టేషన్లో ఉంది. ఐదు పేజీల కాగితం రాసింది. మలుపులు, కొలతలు, ఆయిలు మడుగు, ఫైబరు ముక్కలు, టైములు. ఫోటోలు మెజిస్ట్రేటు ఆఫీసుకీ, ఎస్పీకీ, ఒక పత్రికకీ పంపింది. ఎస్పీ ఆఫీసు నుంచి 'అందింది' అని వచ్చింది. మిగతా ఇద్దరి నుంచీ అదీ రాలేదు.

గణపతిరావు ఆ ఐదు పేజీలూ చదివాడు. ఒక చోట వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. 'ఆయిలు మడుగు' దగ్గర అనుకుంది ఆమె.

"నిజమని మీకూ తెలుసు," అంది.

"నాకేం తెలుసన్నది ఎవడిక్కావాలి?"

మూడూ ఇరవైకి ఆయన ఫోను మోగింది. పేరు చూడగానే లేచి నిలబడి, బయటికెళ్ళాడు. కిటికీ లోంచి ఆయన వీపు కనబడుతోంది. "ఎస్సార్" అన్నాడు. ఆగి, "కానీ సార్, పొద్దున్న మీరే..." అన్నాడు. ఇంకోసారి "ఎస్సార్" అన్నాడు.

లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"తీసుకుపో."

"ఏంటి?"

"ఫల్గుణని తీసుకుపో. అరెస్టు చూపలేదు కదా. విచారించాం, పంపేశాం. డ్రైవరు అజాగ్రత్త వల్ల ప్రమాదం అని మార్చి రాస్తున్నాను."

"ప్రమాదమా! గొట్టం కోసి ఉంటే ప్రమాదం ఎలా అవుతుంది?"

"రాళ్ళకి తగిలి తెగిందని రాస్తాను." ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు. "నువ్వడిగిందేగా? మనిషి బయటికి రావాలన్నావు. వస్తున్నాడు. హత్య ఉండాలంటే హంతకుడు కావాలి, నా దగ్గర ఫల్గుణ తప్ప ఇంకోడు లేడు. ఏది కావాలో తేల్చుకో. రెండు నిమిషాలు."

కామేష్ చేతులు స్టీరింగు మీదే ఉన్నాయన్న మాట గుర్తొచ్చింది గాయత్రికి. అతనికి న్యాయం చెయ్యడానికి లోపలున్నవాణ్ణి సబ్‌జైలుకి పంపాలి. లోపలున్నవాణ్ణి ఇంటికి పంపాలంటే కామేష్‌ని తన అజాగ్రత్తకి తానే చచ్చినవాడిగా ఒప్పుకోవాలి. ఈ రెండింటికీ మధ్య మూడో దారి కోసం వెతికింది, దొరకలేదు. బతికున్నవాడి వైపు మొగ్గింది.

'ఫల్గుణని క్షేమంగా అప్పగించుకున్నాను' అన్న కాగితం మీద సంతకం పెట్టింది. టైము రాయమన్నాడు. మూడూ ముప్పై ఐదు.

ఫల్గుణకి చెబితే లేవలేదు.

"ఎవరు ఒదిలెయ్యమన్నారు మేడమ్?"

"తెలీదు. పైనుంచి ఫోనొచ్చింది. పద, రత్న బయటే ఉంది."

అతను గోడకి ఇంకా గట్టిగా ఆనుకున్నాడు. గుమ్మంలో ఎవరూ లేరని తొంగి చూశాడు. "నన్ను బయటికి తియ్యకండి," అన్నాడు.

"ఏమంటున్నావు?"

"రాత్రంతా ఆలోసించేను మేడమ్. కామేష్ బాబుకి ఈ కొండల్లో శత్రువులెవరున్నారు? ఆయనొచ్చి రెండు రోజులైంది. మంచులో నీలం డాల్ఫిన్ ఘాటు దిగతంది. శనివారం. ఏడు గంటల ముందు. లోపల ఎవరుంటారనుకుంటారు ఎవరైనా?"

గాయత్రికి గుర్తొచ్చింది. ప్రతి శనివారం, లేతు మిషను.

"నేననుకొనే గుద్దేరు," అన్నాడు ఫల్గుణ. "కిందికి దిగి సూసేరు. నేను కాదు. అప్పుడు కోసేరు గొట్టం. సావకపోతే జైలుకైనా పోతాననుకొని."

"ఎందుకు? నీ మీద ఎవరికంత..."

"మొన్న వానల్లో పైన క్వారీ కూలింది కదా. ముగ్గురు పోయేరు. అక్కడసలు పనే జరగనేదని క్వారీవోళ్ళ మాట. కొన ఊపిరితో ఉన్న కూలీ గాసిని దించింది నేనే. జీపులు ఎక్కనేదు ఆ రాళ్ళదారిన. నా బండెక్కింది. మొదటి గేరులో, ఆగకుండా, మేకలాగ ఎక్కింది మేడమ్." ఆ క్షణంలో కూడా అతని మొహంలో ఒక వెలుగు కనబడి మాయమైంది. "పైన మిషన్లూ, మందుగుండు పెట్టెలూ అన్నీ సూసేను. గాసి పది రోజులకి ఆస్పత్రిలో పోయేడు. ఇంక సూసినోణ్ణి నేనొక్కణ్ణే. మంగళవారం క్వారీ విచారణకి సాక్ష్యానికి రమ్మని కాగితమొచ్చింది."

"పొద్దున్న నాకెందుకు చెప్పలేదు?"

"గుమ్మంలో ఆయనుంటే?"

గాయత్రికి అంతా ఒక్కసారి అర్థమైంది. ఖైదీని జైలు నుంచి కూడా సాక్ష్యానికి తీసుకెళ్తారు, పోలీసులే కాపలా పెట్టి మరీ తీసుకెళ్తారు. మెజిస్ట్రేటు ముందు నిలబెడితే ఇవాళే నోరు విప్పొచ్చు. నిన్న పట్టించినవాళ్ళకి ఆ సంగతి ఇవాళ మధ్యాహ్నానికి తట్టింది. అందుకే వదలమన్నారు. ఆమె ఐదు పేజీల వల్ల కాదు.

పరుగున గణపతిరావు గదికి వెళ్ళింది. కుర్చీ ఖాళీ. బయట జీపు లేదు. బల్ల దగ్గర కానిస్టేబుల్ ఒక్కడే తాళాలు సర్దుతున్నాడు.

"ఫల్గుణకి ప్రాణభయం ఉంది. మంగళవారం దాకా ఇక్కడే ఉంచండి. ఫిర్యాదు రాసిస్తాను."

"సీఐ గారు క్యాంపుకెళ్ళారు మేడమ్. ఎల్లుండి దాకా రారు. ఆయన లేకుండా ఫిర్యాదు తీసుకోవద్దన్నారు."

"కనీసం ఈ బెంచీ మీద కూర్చోనివ్వండి!"

కానిస్టేబుల్ ఆమె వైపు జాలిగా చూశాడు. ఇందాకటి కాగితం తిప్పి చూపించాడు. కింద ఆమె సంతకం, పక్కన టైము. "మీకు అప్పగించేశాం మేడమ్. ఇంక ఫల్గుణ బాధ్యత మీదే."

మూడూ యాభైకి ఇద్దరూ గేటు బయట నిలబడ్డారు. వెనక గేటు పడింది. కిందికి ఒకటే రోడ్డు, పైకి ఒకటే రోడ్డు. గాయత్రి రెండువైపులా చూసింది. రెండూ ఖాళీగా ఉన్నాయి.

రత్న రోడ్డవతల నుంచి ఏడుస్తూ, నవ్వుతూ పరిగెత్తుకొచ్చింది. మొగుడి వాచిన చెంప తడిమింది. గాయత్రి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"మీ రుణం తీర్సుకోలేనమ్మా. మీ ఆఫీసోళ్ళు కూడా ఎంత మంచోళ్ళు! ఇందాకటి నించి మూడుసార్లు ఫోను సేసేరు."

"మా ఆఫీసులో ఎవరూ లేరు రత్నా. నేనొక్కదాన్నే."

"మరెవరమ్మా? ఫల్గుణ ఇంకా రానేదా, ఏ బండిలో వత్తాడు, ఏ దారంట వత్తాడు అని అడిగేరు." రత్న చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "అమ్మగారి తెల్లకారులో, కిందికి దిగతామని సెప్పేసేను."